గ్రామసభలో తెరమీద పంచాయతీ లెక్కలు

బ్రౌజరులో స్లైడులు తయారుచేసి పదిమందికి పంచు విధానము

గ్రామసభలో కార్యదర్శి లెక్కల పుస్తకము విప్పి చదువుచుండగా ముందు వరుసలోని నలుగురు మాత్రము వినుటయు, వెనుక కూర్చున్నవారు తమలో తాము మాటలాడుకొనుటయు పంచాయతీ సభ్యులందరును చూచియున్నదే. ఇది ప్రజల అశ్రద్ధ యని కొందరందురు. ఆ మాట న్యాయము కాదు. ఏబది అంకెలను వరుసగా చదివి వినిపించినచో ఎంత చదువుకొన్నవారికైనను అవి జ్ఞాపకముండవు. రాజ్యాంగపు 73వ సవరణము 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చినది మొదలు గ్రామసభకు రాజ్యాంగములోనే స్థానమేర్పడినది. అట్టి సభలో ఊరి లెక్క ప్రజల కంటికి కనబడవలెను. కనబడినప్పుడే దానిని గూర్చి ప్రశ్న పుట్టును.

బొమ్మ చూపి చెప్పుట మన పల్లెలకు క్రొత్త కాదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకములు ప్రారంభమైన పిమ్మట గ్రామసేవకులును, సమాచారశాఖవారును తెల్లని గుడ్డ కట్టి, దానిమీద ఫిలిములు చూపి వ్యవసాయమును గూర్చి, ఆరోగ్యమును గూర్చి చెప్పుచుండిరి. అయితే ఆ బొమ్మలు ఎక్కడనో పట్టణమున తయారైనవి. చూచువారి ఊరి చెరువు గాని, ఊరి వీధి గాని వానిలో ఉండెడివి కావు. నేడు ఏ పంచాయతీకి ఆ పంచాయతీయే తన బొమ్మలను, తన లెక్కలను తెరమీదికి ఎక్కించుకొను వీలు కలిగినది. ఆ పని ఎట్లు చేయవలెనో ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

ఒకే ప్రతి అనుటలోని సౌకర్యము

పూర్వము దీపపు పెట్టెలోనికి జరిపి చూపుచుండిన గాజుపలకకు ‘స్లైడు’ అని పేరు. కంప్యూటరులో ఒక పుటవలె తయారుచేసి తెరపై చూపు దానికిని ఆ పేరే నిలిచినది. పవర్‌పాయింట్ అను సాధనము 1987లో వెలువడినది. దానితో తయారుచేసిన ఫైలు ఒక కంప్యూటరులో ఉండును. దానిని పెన్‌డ్రైవులో వేసికొని మరియొకచోటికి తీసికొనిపోవలెను. సర్పంచి వద్ద ఒక ప్రతి, కార్యదర్శి వద్ద ఒక ప్రతి, మండల కార్యాలయమున మరియొక ప్రతి ఉండి, ఏది తుదిదో తెలియక తికమక పడుట అందరికిని అనుభవమే.

2007లో గూగుల్ సంస్థ బ్రౌజరులోనే స్లైడులు తయారుచేయు సాధనమును ప్రవేశపెట్టినది. ఇప్పుడు దానిని గూగుల్ స్లైడ్స్ అందురు. బ్రౌజరనగా క్రోమ్ వంటిది, అంతర్జాలములోని పుటలను చూచుటకు మనము తెరచునది. ఈ పద్ధతిలో స్లైడులు మన కంప్యూటరులో గాక ఆ సంస్థవారి కంప్యూటర్లలో ఉండును. కార్యాలయములో తెరచినను, ఇంటివద్ద తెరచినను, సెల్‌ఫోనులో చూచినను అదే ప్రతి కనబడును. కార్యదర్శి ఒక అంకెను దిద్దినచో ఆ క్షణమున సర్పంచి ఫోనులోను ఆ అంకె మారును. తమిళనాడునకు చెందిన జోహో సంస్థవారి ‘షో’ యును, మైక్రోసాఫ్టువారు బ్రౌజరుకొరకు ఇచ్చు పవర్‌పాయింటును ఇట్టివే. వీనిలో ఒకటి నేర్చినవారికి తక్కినవి కష్టము కావు. కనుక ఇచ్చట గూగుల్ స్లైడ్స్‌నే ఉదాహరణగా గ్రహింతము.

ఖాతా ఎవరి పేరిట ఉండవలెను?

స్లైడులు మొదలుపెట్టుటకు ముందు తేల్చుకొనవలసిన సంగతి యొకటి కలదు. ఈ సాధనమును వాడుటకు ఒక గూగుల్ ఖాతా కావలెను. ఖాతాకు రుసుము లేదు. ఉత్తరములకు, ఫోటోలకు, స్లైడులకు కలిపి 15 జీబీల చోటు ఉచితముగా లభించును. పని త్వరగా కావలెనని కంప్యూటరు ఆపరేటరు తన సొంత ఖాతాలోనే పంచాయతీ స్లైడులు తయారుచేయుట పరిపాటిగా నున్నది. అతడు మరియొక ఊరికి బదిలీ అయినచో ఆ ఫైళ్ళును అతని ఖాతాతోనే పోవును. అతడు మంచివాడైనచో తిరిగి అప్పగించును; అప్పగించుటకు వీలుగా యాజమాన్యమును మరియొక ఖాతాకు మార్చు ఏర్పాటును కలదు. కాని ఊరి లెక్కలు ఒకరి మంచితనముపై ఆధారపడియుండుట పంచాయతీకి తగదు.

కావున కార్యాలయము పేరిట ఒక ఖాతా తెరువవలెను. దాని వివరములను ఛార్జి అప్పగింత జాబితాలో చేర్చవలెను. కార్యదర్శి మారినపుడు పాస్‌వర్డు మార్పవలెను. పాస్‌వర్డు మరచినప్పుడు సంకేతసంఖ్య వచ్చుటకు ఇచ్చు ఫోను నెంబరు కూడ కార్యాలయమునదే కావలెను. రెండు సంవత్సరములు ఎవరును తెరువక వదలిన వ్యక్తిగత ఖాతాలను తొలగింపవచ్చునని గూగుల్ 2023లో నియమము చేసికొన్నది. అందుచేత ఎన్నికలు జరుగక పాలకవర్గము లేని కాలమునందును ఆ ఖాతాను అప్పుడప్పుడు తెరచుచుండవలెను.

తయారుచేయు క్రమము

బ్రౌజరు పైభాగమున చిరునామా వ్రాయుచోట ‘స్లైడ్స్ డాట్ న్యూ’ అని ఇంగ్లీషు అక్షరములతో టైపుచేసి ఎంటర్ నొక్కినచో క్రొత్త ఖాళీ స్లైడు తెరచుకొనును. ఎడమ ప్రక్కన స్లైడుల చిన్న బొమ్మలు వరుసగా ఉండును. నడుమ మనము పనిచేయుచున్న స్లైడు పెద్దదిగా కనబడును. పైన ‘అన్‌టైటిల్డ్’ అని యున్నచోట నొక్కి మొదట పేరు పెట్టవలెను. ఊరి పేరు, సభ జరుగు తేది పేరులోనే ఉన్నచో సంవత్సరము తరువాత వెదకునప్పుడు శ్రమయుండదు. భద్రపరచుటకు ప్రత్యేకముగా ఏ మీటయు నొక్కనక్కరలేదు. మనము వ్రాయుచుండగనే అది భద్రమగుచుండును.

స్లైడుమీద కనబడు గడిలో నొక్కి వ్రాయవలెను. కంట్రోల్ మీటను, ఎమ్ మీటను కలిపి నొక్కినచో మరియొక స్లైడు వచ్చును. ‘ఇన్సర్ట్’ అను జాబితాలో ఫోటో, పట్టిక, చార్టు చేర్చు మార్గములున్నవి. ఇంతకుమించి మొదటినాడు నేర్వనక్కరలేదు. తక్కిన జాబితాలు మరికొన్ని కలవు. వానిని చూచి బెదరరాదు.

తెలుగు వ్రాయుటలో ఒక చిక్కు తరచు వచ్చును. ముద్రణాలయములలోను, డీటీపీ దుకాణములలోను ‘అను’ వంటి పాత ఫాంట్లతో టైపుచేసిన తెలుగును తెచ్చి ఇందులో అతికించినచో అక్షరములకు బదులు అర్థములేని ఇంగ్లీషు గుర్తులు కనబడును. అది కంప్యూటరు దోషము కాదు. ఆ పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరమునకే తెలుగు వేషము వేసియుందురు. ఇచ్చట యూనికోడు తెలుగు కావలెను. సెల్‌ఫోనులో మనము పంపుకొను తెలుగు యూనికోడే. టైపు రానివారు ఫోనులో స్లైడ్స్ యాప్‌ను తెరచి, కీబోర్డుపై మైకు గుర్తు నొక్కి నోటితో చెప్పినను అక్షరములు పడును. పిమ్మట తప్పులు దిద్దుకొనవలెను, ముఖ్యముగా అంకెలు. అక్షరరూపములలో ‘మోర్ ఫాంట్స్’ అనుచోట తెలుగును ఎంచుకొన్నచో మండలి, రామభద్ర, గురజాడ, సురవరం మొదలైనవి కనబడును. సిలికానాంధ్ర సంస్థ ద్వారా ఉచితముగా లభ్యమైన రూపములివి. శీర్షికకు రామభద్ర, లోపలి మాటలకు మండలి బాగుండును. తెలుగు అక్షరమునకు క్రింద వత్తును, పైన గుడియు ఉండును గనుక పంక్తికిని పంక్తికిని నడుమ ఎడము కొంచె మెక్కువగా ఉంచవలెను. అక్షరము 30 పాయింట్లకు తగ్గినచో వెనుక వరుసలోని వృద్ధులకు కనబడదు.

ఏది పైన వ్రాయవలెను?

స్లైడులను గూర్చి చెప్పవలసిన వానిలో ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. మీటలు నొక్కుట రెండుగంటలలో వచ్చును. ఏ మాట పెద్ద అక్షరములలో ఉండవలెనో తెలిసికొనుటకు ఆలోచన కావలెను.

2003 జనవరి 16న అమెరికావారి కొలంబియా అంతరిక్ష నౌక బయలుదేరినపుడు ఇంధనపు ట్యాంకునుండి నురుగు ముక్క యొకటి ఊడి ఎడమ రెక్కకు తగిలినది. నౌక ఆకాశమున నుండగా, ఆ దెబ్బ ప్రమాదమా కాదా అని ఇంజనీర్లు లెక్కలు కట్టి అధికారులకు స్లైడులు చూపిరి. వానిలో ఒక స్లైడు శీర్షిక ధైర్యము కలిగించునట్లున్నది. అట్టడుగున చిన్న అక్షరములలో మాత్రము అసలు సంగతి యున్నది: పూర్వము పరీక్షలలో కొట్టి చూచిన ముక్క 3 ఘనపు అంగుళములు కాగా, ఇప్పుడు తగిలిన ముక్క సుమారు 1920 ఘనపు అంగుళములు. అనగా పరీక్షలో తేలినది ఈ దెబ్బకు వర్తించునని చెప్పుటకు వీలులేదు. ఫిబ్రవరి 1న తిరిగి వచ్చుచు ఆ నౌక ముక్కలైనది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురును మరణించిరి. అదే సంవత్సరము ఆగస్టులో విచారణసంఘము ఇచ్చిన నివేదిక, ఇంజనీర్లు సమగ్రమైన వ్రాతపత్రములకు బదులు స్లైడులపై ఆధారపడు అలవాటును గట్టిగా విమర్శించినది. నౌక స్లైడువలన కూలెనని ఎవరును అనలేదు. కాని చూడవలసినవారు చూడవలసిన అంకెను చూడలేకపోయిరి.

మన ఊరిలో ఇట్టిదే ఎట్లు జరుగునో చూడుడు. ఫ్లోరైడు బాధ నల్లగొండ, ప్రకాశం జిల్లాలవారికి తెలియనిది కాదు. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించకుండుట మంచిదనియు, వేరు నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు మాత్రమే అనుమతింపవచ్చుననియు భారత ప్రమాణముల సంస్థ నిర్ణయించినది. ఒక గ్రామమున నాలుగు బోర్ల నీటిని పరీక్ష చేయించగా మూడింటిలో పరిమితికి లోబడియు, చెరువుకట్టవద్ది బోరులో 2.4 మిల్లీగ్రాములును ఉన్నదనుకొందము. ‘త్రాగునీటి సరఫరా – సాధించిన ప్రగతి’ అని శీర్షిక పెట్టి, వేసిన గొట్టముల పొడవు, ఇచ్చిన కుళాయిల సంఖ్య వ్రాసి, చివర చిన్న అక్షరములలో ‘ఒక బోరునందు ఫ్లోరైడు స్వల్పముగా అధికము’ అని చేర్చినచో చట్టప్రకారము చెప్పినట్లే యగును. కాని ఆ వీధి తల్లులు మరునాడు ఆ బోరు నీరే బిడ్డలకు పట్టుదురు.

ఆ స్లైడుమీద వ్రాయవలసిన వాక్యమొకటే: ‘చెరువుకట్ట బోరు నీరు త్రాగరాదు.’ దాని క్రింద ఆ బోరు ఫోటో, 2.4 అను అంకె, ప్రక్కన 1.5 అను పరిమితి, ఆ వీధికి ఎప్పటిలోగా వేరు నీరు ఇచ్చెదరో ఆ తేది. కుళాయిల సంఖ్య తరువాతి స్లైడులో వ్రాసికొనవచ్చును. సర్పంచికి ఇది రుచింపకపోవచ్చును. అట్టి స్లైడు చూపిన సభలో అరుపులు తప్పవు. అయినను ఆ సభ ఆ వీధికి మేలు చేసినట్లే.

శీర్షిక విషయసూచికవలె గాక పూర్తి వాక్యముగా ఉండవలెనను ఈ నియమము డబ్బు లెక్కలకును వర్తించును. పంచాయతీ సొంత ఆదాయము 9 లక్షల రూపాయలై, నీటి మోటార్ల విద్యుత్తు బిల్లు 3 లక్షలైనచో ‘ఖర్చుల వివరములు’ అనుటకంటె ‘మన ఆదాయములో మూడవవంతు మోటార్ల కరెంటునకే పోవుచున్నది’ అనుట మేలు. వెంటనే ఎవరో ఒకరు లేచి, రాత్రియంతయు ట్యాంకు పొంగి కాలువపాలగుచుండుట ఏల యని అడుగుదురు.

ఒక స్లైడునకు ఒక సంగతి, ఒక ఫోటో, మూడు నాలుగు పంక్తులు చాలును. ఫోటో మన ఊరిదే కావలెను. అంతర్జాలమున దొరకు పచ్చని పల్లెటూరి బొమ్మ ఎంత అందముగా నున్నను మన మురుగుకాలువను గూర్చి ఏమియు చెప్పజాలదు. అక్షరములు గిరగిర తిరుగుచు వచ్చునట్లు చేయు అలంకారములు పిల్లలకు నచ్చును గాని సభకు పనికిరావు. మొదటి స్లైడంతయు నాయకుల ఫోటోలతో నింపి, చివర పూలగుత్తితో ‘ధన్యవాదములు’ వేసి, నడుమ లెక్కలకు రెండు స్లైడులు మాత్రము విడుచు పద్ధతిని మానినచో అందరికిని సమయము మిగులును.

పంచుట, కాపాడుకొనుట

కుడివైపు పైభాగమున ‘షేర్’ అను మీట కలదు. ఒక వ్యక్తి ఈమెయిలు చిరునామా వ్రాసి అతనికి మూడు విధముల అధికారములలో ఒకటి ఈయవచ్చును. ‘వ్యూయర్’ చూడగలడు, అంతే. ‘కామెంటర్’ ప్రక్కన తన అభిప్రాయము వ్రాయగలడు గాని లోపల మార్చలేడు. ‘ఎడిటర్’ ఏదైనను దిద్దగలడు, తుడిపివేయగలడు.

గ్రామ అభివృద్ధి ప్రణాళిక సిద్ధము చేయునప్పుడు దీని ప్రయోజనము బాగుగా తెలియును. పాఠశాల ప్రధానోపాధ్యాయుడు బడి స్లైడును, అంగన్‌వాడీ కార్యకర్త పిల్లల తూకముల స్లైడును, ఆరోగ్య కార్యకర్త తన స్లైడును ఎవరిచోట వారుండియే ఒకే ఫైలులో నింపవచ్చును. వీరికి ఎడిటరు అధికారము కావలెను. వార్డు సభ్యులకు కామెంటరు అధికారమిచ్చినచో ‘మా వీధి దీపములు నాలుగు కావు, రెండే వెలుగుచున్నవి’ అని వారు అంకె ప్రక్కనే వ్రాయుదురు. సభలో తెరమీద తప్పు బయటపడుటకంటె ముందుగానే బయటపడుట అందరికిని గౌరవము.

ఊరివారి వాట్సాప్ బృందములో పెట్టుటకు లింకు కావలెను. షేర్ గడిలో ‘రెస్ట్రిక్టెడ్’ అని యున్నంతకాలము మనము పేరు వ్రాసినవారు తప్ప ఇతరులు చూడలేరు. దానిని ‘ఎనీవన్ విత్ ది లింక్’ అని మార్చినచో లింకు చేరిన ప్రతివారును చూడగలరు. ఇచ్చట మిక్కిలి జాగరూకత వలయును. ఆ ప్రక్కనే వ్యూయర్ అని యున్నదో, ఎడిటర్ అని యున్నదో రెండుమారులు చూచుకొనవలెను. ఎడిటర్ అని పొరపాటున ఉన్నచో, ఆ లింకు చేరిన ఎవరైనను పేరు తెలియకుండగనే పంచాయతీ లెక్కలను మార్చివేయవచ్చును. ఎన్నికల వేడి ఉన్న ఊరిలో దీని ఫలితమేమో వేరుగా చెప్పనక్కరలేదు. అట్లు జరిగినచో ‘ఫైల్’ జాబితాలోని ‘వెర్షన్ హిస్టరీ’ తెరచినయెడల ఏ తేదిన, ఏ గంటకు ఏ మార్పు జరిగినదో తెలియును. వెనుకటి ప్రతిని తిరిగి నిలుపవచ్చును. మన పుస్తకములలో కొట్టివేతకు ప్రక్కన సంతకము పెట్టు ఆచారము వంటిదే ఇదియు.

కొన్ని వివరములు లింకులోనికి ఎక్కనే కూడదు. ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతా సంఖ్యలు, ఫోను నెంబర్లు, ఎవరికి ఏ వ్యాధి యున్నదను సంగతి ఇట్టివి. లబ్ధిదారుల జాబితాను ఫోటో తీసి స్లైడులో అతికించునప్పుడు ఈ సంఖ్యలు తెలియకుండగనే వెంటవచ్చును. ఒకమారు ఊరు దాటిన లింకును వెనుకకు రప్పింపలేము; పింఛను మీద బ్రతుకు వృద్ధురాలి ఖాతా సంఖ్య మోసగాండ్ర చేతికి చిక్కవచ్చును. వ్యక్తుల వివరముల రక్షణకు పార్లమెంటు 2023లో ప్రత్యేకముగా చట్టము చేసినది. బయటి ఇంటర్నెట్ కేంద్రమున పనిచేసినప్పుడు ఖాతానుండి వెలువడుటయు, పాస్‌వర్డును ఆ కంప్యూటరు గుర్తుంచుకొనుటకు ఒప్పుకొనకుండుటయు అవసరము.

సభ నాడు

‘స్లైడ్‌షో’ మీట నొక్కినచో స్లైడు తెరనిండ వచ్చును. బాణపు గుర్తుగల మీటతో ముందుకు సాగవచ్చును. ఎస్కేప్ మీటతో ఆపవచ్చును. చెప్పవలసిన మాటలను స్లైడు క్రింద ‘స్పీకర్ నోట్స్’ అనుచోట వ్రాసికొన్నచో ‘ప్రెజెంటర్ వ్యూ’లో చెప్పువారికి కనబడును, సభకు కనబడవు.

పగటిపూట చెట్టుక్రింద ప్రొజెక్టరు పనిచేయదు. బడి గదిలో తలుపులు దగ్గరగా వేసి చూపవలెను, లేదా పాఠశాలలోని పెద్ద టీవీకి తీగ తగిలించి చూపవలెను. వెలుతురు పూర్తిగా పోనిచోట తెల్లని వెనుకతలము, నల్లని అక్షరములే మేలు. నెట్టు అందదను అనుమానమున్నచో, ముందురోజే క్రోమ్‌లో ఆ ఫైలును ‘ఆఫ్‌లైను’గా ఉంచుకొనవలెను, అంతకంటె నిశ్చింతగా ‘డౌన్‌లోడ్’ ద్వారా పీడీఎఫ్ ప్రతి దింపుకొనవచ్చును. కరెంటు పోవుటకు మాత్రము ఉపాయము పాతదే. ముఖ్యమైన మూడు నాలుగు స్లైడులను పెద్ద కాగితములపై అచ్చువేయించి గోడకు అంటింపవలెను.

చదువురానివారు సభలో ఉందురు. ప్రతి స్లైడును బిగ్గరగా చదివి, ఫోటోను వ్రేలితో చూపి, అంకెను పోలికతో చెప్పవలెను. చదివిన పిమ్మట కొంతసేపు ఆగవలెను. ఆ విరామములోనే వెనుకనున్న స్త్రీలు ప్రశ్న అడుగుదురు.

సభ ముగిసినపిమ్మట, తీర్మానములు వ్రాసిన స్లైడును అచ్చువేసి మినిట్సు పుస్తకములో అంటింపవలెను, ఏలయన స్లైడు మారవచ్చును గాని అంటించిన కాగితము మారదు. ఎడిటర్లుగా చేర్చినవారిని వ్యూయర్లుగా మార్పవలెను. తరువాతి సభకు క్రొత్తగా మొదలుపెట్టనక్కరలేదు. ‘ఫైల్’ జాబితాలో ‘మేక్ ఎ కాపీ’ నొక్కి, పేరులోని తేది మార్చి, మొదటి స్లైడుగా గత సభలో ఇచ్చిన మాటలను, వానికి చెప్పిన తేదులను, ఏది జరిగినదో ఏది జరుగలేదో ఆ వివరమును పెట్టుకొనవలెను.